పాత థండర్‌బర్డ్‌కే తిరిగి వెళ్లాలా? విశాఖ పోర్టు దగ్గరి ఒక ఆఫీసుకు సమాధానం

మీరు రాసిన దాని సారాంశం ఇది. పోర్టు ఏరియాలో మీది కస్టమ్స్ ఏజెంటు ఆఫీసు. ఆరు కంప్యూటర్లున్నాయి, 2009 నుంచి మెయిల్‌కు థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాము తప్ప మరొకటి వాడలేదు. ఎవరో అప్‌డేట్లు ఆపి పెట్టినందువల్ల 102వ వెర్షనులోనే ఉండిపోయిన మిషన్లు ఇటీవల వరుసగా 140కి మారాయి. మరునాడు ఉదయం మీ పెద్ద గుమాస్తా గారు మిషను తెరిచి, “ఇది మన మెయిల్ కాదు, ఎవరో మార్చేశారు” అంటూ కుర్చీలోంచి లేచిపోయారు. ఇంతకాలం బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చారు, పాతదానికి తిరిగి వెళ్లవచ్చా, వెళ్లకూడదంటే ఏం చేయాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ముందు రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ రాత్రికే మీరు ఆ పని మొదలుపెట్టే ప్రమాదం ఉంది. తిరిగి వెళ్లవద్దు. అయితే మీ గుమాస్తా గారి కోపాన్ని మాత్రం చాదస్తంగా తీసిపారేయవద్దు. సుమారు ఇరవై ఏళ్లుగా సూర్యాబాగ్ నుంచి గాజువాక దాకా చిన్న ఆఫీసులకు మెయిల్ ఏర్పాట్లు చేస్తున్నాను. ఈ అప్‌డేట్ల తరవాత నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం అలాంటి పెద్దవాళ్లవే, వాళ్లు చెప్పినదాంట్లో చాలావరకు న్యాయమే. ప్రోగ్రాము తయారుచేసినవాళ్లకు మార్చక తప్పని కారణాలున్నాయి, వాడేవాళ్లకు మండిపడటానికి కారణాలున్నాయి. ఆ రెండూ వేర్వేరు విషయాలకు సంబంధించినవి కావడంతో ఒకరి మాట మరొకరికి జవాబు కాకుండా పోయింది.

2023లో 115వ వెర్షను, అంటే ‘సూపర్‌నోవా’ అని పేరు పెట్టిన మార్పు వచ్చినప్పుడు, రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఆఫీసుకు నన్ను పిలిచారు. అక్కడి గుమాస్తా గారు పదిహేనేళ్లుగా ఉదయం రాగానే మౌసును తెర పైన ఎడమ మూలకు తోసి, చూడకుండానే ‘గెట్ మెసేజెస్’ నొక్కేవారు. నొక్కుతూనే రెండో చేత్తో టీ గ్లాసు అందుకునేవారు. కొత్త వెర్షనులో ఆ బొత్తాం ఎడమ వైపునే ఉన్నా కాస్త కిందికి, ఫోల్డర్ల జాబితా నెత్తి మీదికి దిగింది, పక్కన పేరు లేకుండా చిన్న బొమ్మగా మారింది. నేను పక్కన కూర్చుని చూస్తుండగా ఆయన చెయ్యి నాలుగుసార్లు పాత మూలకే వెళ్లి ఖాళీ చోట నొక్కింది. ఐదోసారి మౌసు వదిలేసి నా వైపు చూశారు. అందులో కంప్యూటర్ తెలియనితనం ఏమీ లేదు. కళ్లు మూసుకుని చేసే పనిని మళ్లీ కళ్లు తెరిచి నేర్చుకోవలసి రావడం ఎవరికైనా అవమానంగానే అనిపిస్తుంది, అరవై దాటినవారికి మరీను. నేను ఆయనకు బొత్తాం ఎక్కడుందో చూపించలేదు. కీబోర్డు మీద ఎఫ్5 నొక్కమన్నాను. అది పాత వెర్షన్లలోనూ అదే పని చేసేది, ఇప్పుడూ చేస్తుంది. షిఫ్టుతో కలిపి నొక్కితే అన్ని అకౌంట్ల మెయిల్ వస్తుంది. రెండు రోజుల్లో ఆ సంగతే మరిచిపోయారు. ఆ తరవాత ఆయన ఫిర్యాదు డెస్క్‌టాప్ మీద ఐకాన్ రంగు, రూపం మారిపోయాయని. దానికి నా దగ్గర మందు లేదు.

మీ ఆఫీసులో అసలు ఇబ్బంది బొత్తాంతో కాదని మీరు వర్ణించిన తీరునుబట్టి నాకు అర్థమైంది. “ఒక్కో మెయిల్ రెండు మూడు వరుసలు తింటోంది” అని రాశారు. దాన్ని కార్డుల పద్ధతి అంటారు: పైన పంపినవారి పేరు, కింద విషయం, చుట్టూ కొంత ఖాళీ. రోజుకు పది ఉత్తరాలు వచ్చేవారికి అది చూడటానికి హాయిగానే ఉంటుంది. మీకు అలా కాదు. ఓడ వస్తుందన్న రోజు షిప్పింగ్ లైను, కంటెయినర్ టెర్మినల్, ఎగుమతిదారు, లారీల ఏజెంటు అందరూ ఒకేసారి రాస్తారు. మీ గుమాస్తా గారు ఆ మెయిళ్లను చదవరు, జాబితా మీద కంటిని పైనుంచి కిందికి జార్చి ఓడ పేరునో బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కిన సరుకు రసీదు) నంబరునో పట్టుకుంటారు. అలా పట్టుకోవాలంటే తెర మీద వీలైనన్ని వరుసలుండాలి, ఒక్కో సంగతి ఎప్పుడూ ఒకే నిలువు గడిలో పడాలి. కార్డుల పద్ధతిలో మీ పాత చదరపు మానిటర్ల మీద మునుపు కనబడినదాంట్లో సగం కూడా కనబడదు. అంటే ఆయన పని వేగం నిజంగానే తగ్గింది. దాన్ని అలవాటు సమస్య అని కొట్టేయడం అన్యాయం.

దీనికి పరిష్కారం ప్రోగ్రాములోనే ఉంది. మెయిళ్ల జాబితా పైన కుడి చివర చిన్న బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి ‘టేబుల్ వ్యూ’ ఎంచుకోండి. ఆల్ట్ కీ నొక్కితే పాత మెనూ బారు కనబడుతుంది. అందులోని వ్యూ మెనూలో టూల్‌బార్స్ దగ్గర దాన్ని శాశ్వతంగా ఉంచుకోవచ్చు, అదే మెనూలో డెన్సిటీని ‘కాంపాక్ట్’ చేయండి, లేఅవుట్‌ను ‘క్లాసిక్’ చేయండి. ఒక ఫోల్డరులో నిలువు గడులను మీకు కావలసినట్టు సర్దుకున్నాక, గడుల పేర్ల వరుసకు కుడి చివర ఉన్న బొత్తాం నొక్కి ఆ అమరికను మిగతా ఫోల్డర్లకు కూడా వర్తింపజేయండి. ఈ చివరి సంగతి తెలియక ఒక ఆఫీసులో కుర్రవాడు నూట నలభై ఫోల్డర్లను ఒక్కొక్కటిగా సర్దుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. ఆరు మిషన్లకూ కలిపి గంట పని. ఇంతవరకు చేస్తే మీ గుమాస్తా గారి కోపంలో ముప్పాతిక వంతు దిగిపోతుంది.

ఇక ఎందుకు మార్చారన్నది. థండర్‌బర్డ్ తనంతట తాను నిలబడిన ప్రోగ్రాము అని చాలామంది అనుకుంటారు, నిజానికి అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు భుజాల మీద కూర్చున్న ప్రోగ్రాము. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థ తన కోడును ప్రజలకు విడుదల చేసింది. అందులోంచి పుట్టిన మొజిల్లా ప్రాజెక్టు తరవాత బ్రౌజరును ఒకటిగా, మెయిల్‌ను ఒకటిగా విడదీసింది. థండర్‌బర్డ్ 1.0 వెర్షను 2004 డిసెంబరు 7న వచ్చింది. విడదీశారన్న మాటే గాని కిటికీలు గీసేది, బొత్తాలు అమర్చేది, నెట్‌వర్కుతో మాట్లాడేది, భద్రత చూసేది ఇప్పటికీ ఫైర్‌ఫాక్స్‌కు రాసిన కోడే. ఆ రోజుల్లో ఈ రెండింటి తెరలనూ ‘జూల్’ అనే సొంత భాషలో రాసేవారు. మీరు పదిహేనేళ్లు చూసిన మెయిళ్ల జాబితా ఆ భాషలోని ‘ట్రీ’ అనే పరికరం, దానికి ఒక మెయిలుకు ఒక్క వరుస గీయడమే వచ్చు. వేగం కోసం ఫైర్‌ఫాక్స్ బృందం ఆ పాత భాషను ముక్కముక్కగా తీసివేస్తూ మామూలు వెబ్‌పేజీల భాషలోకి మారింది. వాళ్లు తీసేసిన ప్రతి ముక్కకూ మెయిల్ బృందం రెండిట్లో ఒకటి చేయాలి: ఆ ముక్కను తామే పోషించుకోవాలి, లేదా తమ తెరనే తిరగరాయాలి. అద్దె ఇంటి యజమాని కింది అంతస్తు పడగొట్టి కట్టుకుంటుంటే పై అంతస్తులో కాపురం ఎలా ఉంటుందో వీళ్ల పరిస్థితీ అలాగే ఉండేది.

పోషించుకునేందుకు మనుషులుంటే అది వేరే కథ. 2012 జులైలో మొజిల్లా, థండర్‌బర్డ్ ఇక తమకు ముఖ్యమైన పని కాదని, భద్రతా మరమ్మతులు మాత్రం సాగుతాయని ప్రకటించింది. 2015 చివరలో మొజిల్లా అధినేత్రి మిచెల్ బేకర్ ఫైర్‌ఫాక్స్ నుంచి దాన్ని పూర్తిగా విడదీయాలన్నారు. 2017లో మొజిల్లా ఫౌండేషన్ గొడుగు కిందే ఉండేలా కుదిరింది, 2020 జనవరిలో ఎమ్‌జెడ్‌ఎల్‌ఏ టెక్నాలజీస్ అనే అనుబంధ సంస్థకు చేరింది. మనం ‘ఎంత నిలకడగా ఉందో’ అని మెచ్చుకున్న ఏళ్లు ఇవే. వాటిలో ఆ ప్రోగ్రాము నిలకడగా లేదు, దాన్ని ముట్టుకునే తీరికగల చేతులు లేక అలా ఉండిపోయింది. పైకి పెద్ద మార్పు లేకపోవడం మన అదృష్టమనుకున్నాం. లోపల చేయవలసిన పని మాత్రం ఏడాదికేడాది వడ్డీతో పెరిగింది.

ఆ వడ్డీలో మొదటి వాయిదా మన మీద 2020లో పడింది. ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరులోనే 57వ వెర్షనుతో పాతరకం యాడ్-ఆన్లను, అంటే బయటివాళ్లు రాసి ప్రోగ్రాముకు తగిలించే చిన్న జోడింపులను, తీసేసింది. థండర్‌బర్డ్ ఇంకొంతకాలం సర్దుకుని 2020 జులైలో 78వ వెర్షనుతో తీసేసింది. పాతరకం యాడ్-ఆన్ ప్రోగ్రాములో ఏ మూలకైనా చెయ్యి పెట్టగలిగేది, అందుకే అన్ని పనులు చేయగలిగేది, అందుకే ప్రతి అప్‌డేటుకూ విరిగేది కూడా. కొత్తరకం వాటికి కొన్ని ద్వారాలు మాత్రమే తెరిచారు. రాసినవాళ్లలో కొందరు ఓపికగా తిరగరాశారు, చాలామంది ఎప్పుడో ఆ పని మానేసి ఉన్నారు. క్యాలెండరు కోసం పెట్టుకునే ‘లైట్‌నింగ్’, ఉత్తరాలను సంకేతభాషలోకి మార్చే ‘ఎనిగ్‌మెయిల్’ చేసే పనులను ప్రోగ్రాములోనే కలిపేశారు, అది మేలే. కానీ ఓడ పేరునుబట్టి వరుసలకు రంగులు వేసే ఒక చిన్న యాడ్-ఆన్ మా ఆఫీసులన్నింటిలో ఉండేది, అది పోయింది. నేను ఫిల్టర్లు, ట్యాగులతో దాదాపు అదే పని తెచ్చుకున్నాను. ఆ ‘దాదాపు’ దగ్గరే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 2023 నాటి తిట్లన్నీ 2023 గురించి కావని నా అనుమానం. చాలామంది 2020లో పోయినదాని మీది కోపం అప్పటిదాకా దాచుకున్నారు.

అయితే ఆ పాత వెర్షనులోనే ఉండిపోతే ఏమవుతుంది అంటారా? అవతలివైపు ప్రపంచం మన కోసం ఆగదు. 2022 మే 30 తరవాత గూగుల్ మామూలు అకౌంట్లకు ఉత్త పాస్‌వర్డుతో మెయిల్ ప్రోగ్రాములను లోపలికి రానివ్వడం మానేసింది, అదే ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఆఫీసులకిచ్చే తన మెయిల్ సేవ ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో అదే బాట పట్టింది. బ్రౌజరులాంటి కిటికీ తెరిచి, అక్కడ సంతకం చేసి, ఆ అనుమతి చీటీని ప్రోగ్రాము దాచుకునే ‘ఓఆథ్’ పద్ధతి దాదాపు తప్పనిసరైంది. మరీ పాత వెర్షన్లకు అది తెలియదు. తెలిసినవాటిలోనూ ఆ కిటికీ పాతబడితే సంతకం పేజీయే సరిగా తెరుచుకోదు. దీనికి తలకిందులైన అనుభవం కూడా నాకుంది. 78వ వెర్షను పాతబడిన టీఎల్‌ఎస్ 1.0, 1.1 సంకేత పద్ధతులను ఒప్పుకోవడం మానేసిన వారంలో, నేను చూసుకునే మూడు ఆఫీసుల్లో ఒకేరోజు మెయిల్ ఆగిపోయింది. మూడింటికీ ఒకే హోస్టింగ్ సంస్థ, వాళ్ల సర్వరు అప్పటికీ ఆ పాత పద్ధతిలోనే మాట్లాడుతోంది. ఫోన్ చేస్తే “మీ ప్రోగ్రామే పాడైంది, వేరే వాడుకోండి” అన్నారు. ఆఫీసులవాళ్లూ అదే నమ్మారు. సర్వరు బాగుచేయించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తప్పు ఒకచోట ఉంటే నింద కంటికి కనబడే కిటికీ మీద పడుతుందని అప్పుడు బాగా తెలిసింది.

2023 ఫిబ్రవరిలో, అప్పట్లో ప్రాజెక్టు డిజైన్ బాధ్యతలు చూస్తున్న అలెసాండ్రో కాస్టెల్లానీ ఈ సంగతులన్నీ దాపరికం లేకుండా వివరించారు: ఫైర్‌ఫాక్స్ మీద కూర్చుని నడిచే కోడు ఇది, ఏళ్ల తరబడి పేరుకున్న అప్పుంది, తెరను మొదటినుంచి కట్టుకోకపోతే ముందుకు నడవదు అని. ఆ జులైలో వచ్చిన 115లో జాబితా, ఫోల్డర్లు, ఉత్తరం చూపే భాగం మూడింటినీ కొత్త భాషలో తిరగరాశారు. ఆ తర్కాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోనిది వాళ్లు వరుస పెట్టిన తీరు. తిరగరాత, కొత్త అలంకారం వేర్వేరు పనులు. లోపలి గోడలు మార్చిన ఏడాదే వాకిలి కూడా మరో వైపుకు తిప్పారు. తిరగరాసిన తెరను ముందు పాత రూపంలోనే ఇచ్చి, టూల్‌బారును, మెనూ బారు స్థానాన్ని తరవాతి ఏడాదికి వదిలి ఉంటే కోపం సగమయ్యేది. అలా చేయడానికి రెట్టింపు పని అవుతుందని వాళ్లనవచ్చు, అందులో నిజముంది. కానీ ఆ మిగిల్చుకున్న పనిని ఎక్కడో ఒకచోట ఎవరో చేశారు: నా వంటివాళ్లు, మీ గుమాస్తా గారి వంటివాళ్లు, జీతం లేకుండా. 2024 జులైలో వచ్చిన 128, 2025 జులైలో వచ్చిన 140 ఆ లోటును చాలావరకు సర్దాయి. మీరు మధ్యలోవి చూడకుండా 102 నుంచి ఒక్క దూకు దూకారు కాబట్టి మీకు మూడేళ్ల మార్పు ఒక్క ఉదయాన కనబడింది.

విచిత్రమేమిటంటే, అందరూ తిట్టుకుంటున్న తెర కింద అసలు పాతదైన భాగం ఇంకా అలాగే ఉంది. మీ ఇన్‌బాక్స్ మొత్తం ‘ఎమ్‌బాక్స్’ పద్ధతిలో ఒకే పెద్ద పాఠ్యపు ఫైలు, ఒక ఉత్తరం కింద మరొకటి అతికించినట్టు. దాని పక్కనే ‘.ఎమ్‌ఎస్‌ఎఫ్’ అని ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. అది విషయసూచిక, నెట్‌స్కేప్ నాటి ‘మోర్క్’ పద్ధతిలో రాసినది. మీరు ఒక ఉత్తరాన్ని తుడిచేస్తే పెద్ద ఫైలులోంచి అది పోదు, తుడిచినట్టు గుర్తు మాత్రం పడుతుంది. ఫోల్డరును ‘కాంపాక్ట్’ చేసినప్పుడే ఆ చోటు ఖాళీ అవుతుంది. (డెన్సిటీలోని కాంపాక్ట్ వేరు, ఇది వేరు. ఒకే మాటను రెండు పనులకు ఎందుకు వాడారో వాళ్లకే తెలియాలి.) సూచిక చెడితే మెయిళ్లు మాయమైనట్టు కనబడతాయి, ఫోల్డరు ప్రాపర్టీస్‌లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కితే సూచిక మళ్లీ తయారవుతుంది. అసలు భయపడవలసింది యాంటీవైరస్‌కు. ఒక్క ఉత్తరంలో వైరస్ అటాచ్‌మెంటు కనబడితే అది ఆ ఒక్క ఉత్తరాన్ని కాక పెద్ద ఫైలు మొత్తాన్ని పట్టుకుపోయి దిగ్బంధంలో పెడుతుంది. కాబట్టి మీ ఉత్తరాలు, సెట్టింగులు అన్నీ ఉండే ప్రొఫైల్ ఫోల్డరును దాని తనిఖీ నుంచి మినహాయించండి, అనుమానపు అటాచ్‌మెంట్లు తెరిచే అలవాటును కూడా ఆఫీసులో మినహాయించండి. మోర్క్ స్థానంలో కొత్త డేటాబేసు తెచ్చే పని ప్రాజెక్టులో సాగుతోంది. ఆ పని జరిగినప్పుడు మెచ్చుకునేవారు ఎవరూ ఉండరు, ఎందుకంటే అది తెర మీద కనబడదు.

ఇంత గొడవ ఉన్నా దీన్నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నానో చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ మాటే లేదు. మూడో రోజు ఒక ఎగుమతిదారు, పడిపోయిన చెట్లను దాటుకుంటూ స్కూటరు మీద సూర్యాబాగ్‌లో నేనున్న చోటికి వచ్చారు. పోర్టులో ఆయన కంటెయినర్లున్నాయి, వాటి నంబర్లు మెయిల్లో ఉన్నాయి, ఆయన మెయిల్ బ్రౌజరులో ఉంది. బ్రౌజరు తెరిస్తే తెల్ల పేజీ. కానీ ఆయన ఏజెంటు ఆఫీసులో ఉన్న లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ ఉంది, ఉత్తరాలన్నీ డిస్కులోనే ఉన్నాయి, బ్యాటరీలో గంటకు సరిపడా ప్రాణం ఉంది. జనరేటరు ఉన్న పక్క మేడ మీదికి దాన్ని మోసుకెళ్లి, వెతికి, నంబర్లన్నీ కాగితం మీద చేత్తో రాసిచ్చాం. అప్పటినుంచి ఏ ఆఫీసులో మెయిల్ పెట్టినా ఒక్క మిషనులోనైనా ప్రతి ఉత్తరం డిస్కు మీదికి దిగేలా చూస్తాను. ఐమ్యాప్ (ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చూసే పద్ధతి) వాడుతుంటే అకౌంట్ సెట్టింగులలో ‘సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్’ దగ్గర ఆ గుర్తు పెట్టుకోవాలి. ఫోనులో చూసుకునేవారికి కె-9 మెయిల్ అనే ఫోను ప్రోగ్రాము నుంచి తయారైన ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్ 2024 అక్టోబరు 30న వచ్చింది, బాగానే ఉంది. ఆఫీసు దస్త్రాలకు మాత్రం ఫోనును నమ్ముకోవద్దు.

ఇప్పుడు వెనక్కి వెళ్లడం గురించి. కొత్త వెర్షను మీ ప్రొఫైల్‌లోని కొన్ని ఫైళ్లను తన పద్ధతికి మార్చుకుంటుంది, పాత వెర్షను వాటిని చదవలేకపోవచ్చు. అందుకే పాతదాన్ని తిరిగి పెట్టి తెరిస్తే, ‘మీరు పాత వెర్షను తెరిచారు’ అని హెచ్చరించి, కొత్త ప్రొఫైల్ చేయాలా, బయటికి పోవాలా అని రెండే దారులు చూపిస్తుంది. నేను ఒకసారి మర్రిపాలెంలో ఒక ఆఫీసులో హడావిడిగా మొదటిది నొక్కాను. ఖాళీ ఇన్‌బాక్స్ తెరుచుకుంది, పదేళ్ల ఉత్తరాలు కనబడలేదు. వెనక నిలబడిన యజమాని ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. నిజానికి ఏదీ పోలేదు. పాత ప్రొఫైల్ డిస్కులోనే క్షేమంగా ఉంది, ప్రోగ్రాము పక్కనే ఇంకో ఖాళీ ప్రొఫైల్ తయారుచేసి దాన్ని చూపిస్తోంది. కొత్త వెర్షనును మళ్లీ పెట్టి, హెల్ప్ మెనూలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ ద్వారా ప్రొఫైళ్ల పేజీకి వెళ్లి పాతదాన్ని ఎంచుకుంటే అన్నీ వచ్చాయి. ఆ హెచ్చరికను బలవంతంగా దాటే ఉపాయం కూడా ఉంది. దాన్ని ఇక్కడ కావాలనే రాయడం లేదు.

మళ్లీ ఇలాంటి ఉదయం రాకుండా ఉండాలంటే విడుదలల పద్ధతి తెలియాలి. మునుపు ఏడాదికి ఒక పెద్ద విడుదల ఉండేది: 78, 91, 102, 115, ఇలా. మధ్య అంకెలు ఫైర్‌ఫాక్స్‌వి, మనకు కనబడేవి కావు. అందువల్ల ఫైర్‌ఫాక్స్‌లో ఏడాదిపాటు జరిగినదంతా ఒకే రోజు మన మీద కుమ్మరించినట్టయ్యేది. 2025 మార్చిలో 136తో, నెలనెలా వచ్చే విడుదలను డౌన్‌లోడ్ పేజీలో మామూలు విడుదలగా పెట్టారు. ఏడాదికోసారి వచ్చేది ‘ఈఎస్‌ఆర్’ పేరుతో ఇప్పటికీ దొరుకుతుంది. ఒక్కరే వాడుకునే మిషనుకు నెలవారీదే మంచిది, మార్పులు చిటికెడు చిటికెడుగా వస్తాయి. ఆరుగురు ఒకే పనిని పంచుకునే మీ ఆఫీసుకు ఈఎస్‌ఆర్ ఉంచి, ఒక్క మిషనులో, అది కూడా మీ సొంత మిషనులో, నెలవారీది పెట్టుకోండి. రాబోయే ఏడాది గుమాస్తా గారి తెర మీదికి ఏం రాబోతోందో మీకు ముందే కనబడుతుంది.

థండర్‌బర్డ్ వాళ్లకు ఫిర్యాదు చేయాలనుంటే చేయండి, ఆంగ్లంలో రెండు వాక్యాలు చాలు. ‘ఛండాలంగా ఉంది’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఇంత తెర మీద ఇన్ని వరుసలే కనబడుతున్నాయి, నా పనికి ఇన్ని కావాలి’ అని రాస్తే దాన్ని కొలిచి చూసేవాళ్లున్నారు. ఈ ప్రాజెక్టు ఇప్పుడు ప్రధానంగా వాడేవాళ్ల విరాళాల మీద నడుస్తోంది, 2022లో 64 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఇచ్చేవాళ్లు, తిట్టేవాళ్లు చాలాసార్లు ఒకళ్లే. నేనే ఆ రెండూ చేశాను, అదీ ఒకే నెలలో.

మీరు ఈ శనివారం సాయంత్రం చేయవలసిన పని వరుసగా చెబుతాను. ఆరు మిషన్లలోనూ థండర్‌బర్డ్ మూసేయండి, మూసినట్టు టాస్క్ మేనేజరులో చూసుకోండి, ప్రొఫైల్ ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేయండి. టూల్స్ మెనూలోని ఎక్స్‌పోర్టు మీద ఆధారపడవద్దు, ప్రొఫైల్ 2 జీబీ దాటితే అది పనికిరాదు, మీది తప్పకుండా దాటి ఉంటుంది. తరవాత పైన చెప్పిన టేబుల్ వ్యూ, కాంపాక్ట్ డెన్సిటీ, మెనూ బారు సర్దండి. గడుల క్రమం, వెడల్పు గుమాస్తా గారినే పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పినట్టే పెట్టండి. మీ ఆరింటిలో ఒకటి విండోస్ 7 అని రాశారు. అది 140కి మారి ఉండదు, 115 దగ్గరే ఆగి ఉంటుంది, ఎందుకంటే విండోస్ 7, 8కి అదే ఆఖరి వెర్షను. దాని ప్రొఫైల్‌ను కొత్త మిషనుకు తీసుకెళ్లవచ్చు గాని, కొత్త మిషనులో ఒకసారి తెరిచాక తిరిగి దానికి తీసుకురావద్దు. ఆ మిషను మీద ఉన్న ఉత్తరాలను ముందు కాపీ చేసి, సోమవారం ఓడ పని మొదలయ్యేలోపు దాన్ని మెయిల్ పని నుంచి తప్పించండి.